పడ్డాక మళ్లీ బండెక్కడం నేర్పే అప్ప, పర్లాకిమిడి: నా రివ్యూ

ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు మా పర్లాకిమిడి, ఇక్కడ స్కూటీ నేర్పేవాళ్లకి కొదవ లేదు. కానీ ఒకసారి పడి, దెబ్బ తగిలి, బండిని వరండాలో పాత దుప్పటి కప్పి వదిలేసినవాళ్లకి మళ్లీ ఎక్కడం నేర్పేవాళ్లు నాకు తెలిసి ఒక్కరే. ఆవిడ గురించే ఈ రివ్యూ. బోర్డు లేదు, ఆఫీసు లేదు, కరపత్రాలు లేవు. ఊరి చివర మైదానంలో తెల్లారగానే మొదలుపెట్టి ఎండ ముదిరేలోపు ఆపేస్తుంది. నేర్చుకునేవాళ్లందరూ అప్ప అంటారు (మా వైపు అక్కని అలా పిలుస్తాం), నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. పేరు, నంబరు బయట పెట్టొద్దని ఆవిడే చెప్పింది. పర్లాకిమిడిలో గానీ ఆంధ్రా వైపు ఉన్న పాతపట్నంలో గానీ స్కూటీ మీద తిరిగే టీచర్లని అడగండి, ఎవరో ఒకరు చెప్తారు. నా మార్కులు అయిదుకి నాలుగున్నర.

నా సంగతి కొంచెం చెప్పకపోతే అప్ప దగ్గర ఏం బాగుందో అర్థం కాదు. ఉండేది పర్లాకిమిడి, పాఠాలు చెప్పేది పాతపట్నంలో ఒక ప్రైవేటు స్కూల్లో. మధ్యలో రాష్ట్రం మారుతుంది గానీ దూరం పెద్దగా ఏం లేదు, రోజూ స్కూటీ మీదే వెళ్లొచ్చేదాన్ని. ఒక సాయంత్రం మలుపులో, ఎవరో ఇల్లు కట్టుకుంటూ రోడ్డు వారన పోయించుకున్న ఇసుక మీద బండి జారింది. ఎడమ మణికట్టు విరిగింది, పిండికట్టు వేశారు. తర్వాత ఎముక అతుక్కుంది, ఫిజియోథెరపీ అయింది, చెయ్యి మునుపటిలాగే తిరుగుతోంది, ఇంక బండి నడపొచ్చమ్మా అని డాక్టరుగారు కూడా అన్నారు. నేను మాత్రం నడపలేదు.

వానలు తగ్గాక చూద్దాం అనుకున్నాను. వానలు తగ్గాయి, సర్వీసింగ్ చేయించాక అన్నాను. సర్వీసింగ్ అయింది, పిల్లల పేపర్లు దిద్దడం అయ్యాక అన్నాను. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు, అసలు చిక్కంతా అక్కడే ఉంది, ప్రతి కారణమూ ఎంత బుద్ధిగా ఉంటుందంటే ఎవరికి చెప్పినా నిజమేనమ్మా అంటారు తప్ప భయపడుతున్నావా అని అడగరు. ఇంట్లోవాళ్ల ప్రేమ కూడా దీనికి తోడవుతుంది. "ఆటోలున్నాయి కదమ్మా, ఎందుకు ఆ రిస్కు" అని అత్తయ్య, "నేను దింపేస్తాలే" అని ఆయన. వాళ్లు మంచికే అన్నారు, కాదనను. కానీ ఆటో కోసం ఎదురుచూసిన ప్రతి పొద్దునా ఈ రోజుకి గండం తప్పింది అనే ఒక హాయి వచ్చేది. బీఎడ్‌లో సైకాలజీ పేపరు చదివిన ప్రతివాళ్లకీ ఈ సంగతి తెలుసు: భయపడే పనిని తప్పించుకుంటే వెంటనే ఒక ఊరట వస్తుంది, ఆ ఊరటే రేపు కూడా తప్పించుకోమని నేర్పుతుంది, భయం ఒట్టిదో నిజమో తేల్చుకునే అవకాశమే మనకి రాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను, నా మీదకి వచ్చినప్పుడు గుర్తుపట్టడానికి మాత్రం చాలా టైం పట్టింది. ఎందుకంటే భయం పుట్టిన చోటే ఉండిపోదు, పాకుతుంది. మొదట ఆ ఒక్క మలుపంటేనే భయం. తర్వాత ఏ మలుపైనా. తర్వాత ఆయన వెనకాల కూర్చున్నా సరే, బండి కొంచెం ఒరిగితే చాలు, నా వేళ్లు ఆయన చొక్కాని పిడికిలి పట్టేసేవి.

అప్ప దగ్గరికి రాకముందు వేరే చోట చేరాను. ఎక్కడో చెప్పను, అది అంత ముఖ్యం కాదు. అక్కడ నన్ను కొత్తగా నేర్చుకునేవాళ్లలో కూర్చోబెట్టి ఇది బ్రేకు, ఇది హారను అని మొదలుపెట్టారు. అవన్నీ నాకు కళ్లు మూసుకున్నా వచ్చు. వెంటనే బజారు రోడ్డు మీదకి తీసుకెళ్లారు, ఎదురుగా బస్సు వచ్చేసరికి నా కాళ్లు నేలకి ఆనిపోయాయి, "భయపడితే ఎలాగండీ, ధైర్యం చెయ్యాలి" అన్నారు. మళ్లీ వెళ్లలేదు. ధైర్యం చెయ్యమని చెప్తే ధైర్యం వచ్చేటట్టయితే ఈ లోకంలో ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పైగా అలా సగంలో దిగి ఇంటికొచ్చేస్తే చూశావా, నీ వల్ల కాదు అని మనసు ఇంకా గట్టిగా రాసిపెట్టుకుంటుంది.

మొదటిసారి నేర్చుకునేవాళ్లకి పని రాదు. పడి మానేసినవాళ్లకి పని వచ్చు, తమ మీద నమ్మకం పోయింది. ఈ రెండూ వేరువేరు ఇబ్బందులని అప్పకి తెలుసు, ఈ రివ్యూలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఆవిడ మొదట బండి సంగతి ఎత్తలేదు. ఎక్కడ పడ్డావు, ఏ పక్కకి పడ్డావు, ముందుగా ఏం గుర్తొస్తుంది అని అడిగింది. నాకు ముందు గుర్తొచ్చేది బండి రోడ్డు మీద రాసుకుపోయిన శబ్దం. అంతవరకు ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు కూడా. ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తూ అంతా విని, "సరేలే, ఆ సప్పుడు నుంచే మొదలెడదాం. పదికి ఎంత భయమేస్తంది ఇప్పుడు?" అంది. ఎనిమిది అన్నాను. బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి, నన్ను సీటు మీద కూర్చోబెట్టి, సెల్ఫ్ కొట్టి కొంచెం రేజ్ ఇవ్వమంది. వెనక చక్రం గాలిలో తిరుగుతోంది, బండి ఎక్కడికీ కదలదు, అయినా నా అరచేతులు తడిసిపోయాయి. "దిగకు. భయం తగ్గేదాకా అలాగే కూకో" అని పక్కన నిలబడింది. చాలాసేపు అలాగే కూర్చున్నాను. మళ్లీ అడిగింది, పదికి ఎంత? అయిదు అన్నాను. "ఇంక దిగు. ఈ రోజుకి సాలు."

సాలు అన్న చోట ఆపడం ఉంది చూడండి, అది చాలామంది టీచర్లకి రాదు, మా వృత్తిలో చూస్తూనే ఉంటాం, పిల్లాడు ఒక లెక్క చెయ్యగానే ఇంకో పది ఇచ్చేస్తారు. అప్ప మాత్రం భయం కొంచెం దిగాక, గెలిచామన్న రుచి నోట్లో ఉండగానే ఇంటికి పంపేస్తుంది. తర్వాత రోజుల్లో ఇంజను ఆపేసి కాళ్లతో నేల తన్నుకుంటూ బండిని నడిపించడం, తర్వాత ఇంజనుతో తిన్నగా, తర్వాత పెద్ద గుండ్రం, ఆ తర్వాత చిన్న గుండ్రం. ప్రతి మెట్టుకీ ముందూ వెనకా అదే ప్రశ్న, పదికి ఎంత? అంకె సగానికి దిగకుండా పై మెట్టుకి పోనివ్వదు.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1924లో అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ కుందేలంటే భయపడే పీటర్ అనే చిన్నపిల్లాడికి, వాడికి ఇష్టమైన తిండి తినిపిస్తూ కుందేలుని కొంచెం కొంచెం దగ్గరికి జరుపుతూ భయం పోగొట్టిన సంగతి బీఎడ్ పుస్తకాల్లో ఉంటుంది. తర్వాత 1950ల్లో జోసెఫ్ వోల్పే భయాలని మెట్లుగా పేర్చి, కింది మెట్టు నుంచి ఎక్కించే పద్ధతిని వైద్యంగా నిలబెట్టాడు. అప్పకి ఈ పేర్లేవీ తెలియవు. చదివింది పదో తరగతి వరకే. ఎంతోమందిని మైదానంలో చూసి చూసి తనంతట తాను ఇక్కడికి వచ్చింది, అందుకే నాకు ఆవిడంటే గౌరవం.

ఇంకొక పాఠం ఉంది, వేరే ఎక్కడా నేర్పగా నేను వినలేదు. ఒక పొద్దున నేను వెళ్లేసరికి బండిని కుడి పక్కకి నేల మీద పడుకోబెట్టి ఉంచింది. ఆ దృశ్యం చూడగానే కడుపులో తిప్పింది నిజంగా. "లెగదియ్యి" అంది. నూరు కిలోలు ఉండే బండి, నా వల్ల ఎక్కడవుతుంది అన్నాను. అప్పుడు చూపించింది: ముందు తాళం ఆపెయ్యాలి. బండి కుడి పక్కకి పడి ఉంటే సైడ్ స్టాండ్ ముందే తీసి పెట్టుకోవాలి, లేకపోతే లేచిన బండి అవతలి పక్కకి పడిపోతుంది. తర్వాత బండికి వీపు పెట్టి, సీటు అంచుకి నడుం ఆనించి, గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి హ్యాండిల్ పిడి మీద, రెండోది వెనక ఉండే కడ్డీ కింద. చేతులతో లాగకూడదు, నడుం వంచకూడదు, కాళ్లతో నేలని తన్నుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవాలి. బండి లేచింది! రెండోసారి ఇంకా తేలిగ్గా లేచింది. అంతవరకు నా తలలో ఉన్న ఆఖరి బొమ్మ ఏమిటంటే బండి కింద పడి ఉంది, నేను పక్కన కూర్చుని ఉన్నాను, ఎవరో వచ్చి లేపుతున్నారు. ఆ రోజు నుంచి ఆ బొమ్మ తర్వాత ఇంకొకటి చేరింది.

దీని గురించి తర్వాత చదివాను. 1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ కుక్కల మీద చేసిన ప్రయోగాలు మాకు పాఠంలో ఉండేవి: తప్పించుకునే దారి లేకుండా షాక్ తిన్న కుక్కలు తర్వాత దారి ఉన్నా కూడా కదలకుండా పడి ఉన్నాయని, చేతకానితనాన్ని నేర్చుకుంటాయని. దాదాపు యాభై ఏళ్ల తర్వాత 2016లో అదే ఇద్దరూ మెదడు మీద జరిగిన పరిశోధనలన్నీ చూసి, మేం మొదట చెప్పింది తలకిందులుగా ఉందని రాశారు. దీర్ఘకాలం దెబ్బ తగిలితే కదలకుండా ఉండిపోవడం జీవికి సహజంగానే ఉంటుందట, అది నేర్చుకున్నది కాదట. నేర్చుకునేది రెండోది, ఇది నా చేతిలో ఉంది అని తెలుసుకోవడం. ఇది చదివినప్పుడు నాకు మనసు చాలా తేలికైంది. అన్నాళ్లు బండెక్కకపోవడం నాలో ఏదో లోపం కాదు, ఎవరి శరీరమైనా చేసే పనే అది, పైన కొత్తగా నేర్చుకోవలసింది మాత్రం ఉంది. ఆ నేర్చుకోవడం ఆలోచిస్తే రాదు, వీపు పెట్టి బండి లేపితే వస్తుంది.

ఇసుక పాఠం కూడా చెప్పాలి. మైదానం మూల ఇసుక పోయించి పెట్టుకుంది అప్ప, నడక వేగంతో దాని మీద నుంచి పోనిస్తుంది. నా బండి పాతది, రెండు బ్రేకులూ వేరువేరు, కుడిది ముందు చక్రానికి, ఎడమది వెనక చక్రానికి. ఇసుక మీద ముందు చక్రానికి గట్టిగా బ్రేకు పడితే ఎవరి బండైనా జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీ దాకా ఉన్న బళ్లకి ఒక్క బ్రేకు పట్టుకున్నా రెండు చక్రాలకీ పంచేటట్టు (స్కూటీలకి అయితే ఎడమ బ్రేకు) ఉండాలని, లేదా బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉండాలని రూలు వచ్చింది. మీది ఏ రకమో ముందే తెలుసుకోండి, అప్ప అయితే అడిగి మరీ దాన్ని బట్టి నేర్పుతుంది. ఇసుక కనపడితే మలుపుకి ముందే రేజ్ తగ్గించి, బండి నిటారుగా ఉంచి, చూపు ఇసుక మీద కాకుండా పోవలసిన వైపు పెట్టాలి. ఇదంతా తెలిస్తే భయం పోతుందా అంటే పోదు, కానీ భయానికి ఒక పని దొరుకుతుంది.

ఇంటి దగ్గర సంగతి కూడా వదిలిపెట్టదు. "రేపట్నుంచి తీస్తాను" అంటే ఒప్పుకోదు. ఎప్పుడు, దేని తర్వాత, ఎక్కడిదాకా అని చెప్పించుకుంటుంది. నాది ఇది: పాలు పోయించుకుని గిన్నె స్టవ్ మీద పెట్టగానే దుప్పటి తీస్తాను, పాలు పొంగేలోపు బండిని గేటు బయట పెడతాను. అంతే, నడపక్కర్లేదు. ఫలానా పని అవ్వగానే ఫలానాది చేస్తాను అని ముందే కట్టుకున్నవాళ్లు, ఊరికే చెయ్యాలి అనుకున్నవాళ్లకంటే ఎక్కువ సార్లు చేసి తీరుతారని పీటర్ గోల్‌విట్జర్ అనే జర్మన్ సైకాలజిస్టు 1990ల నుంచి చూపిస్తూ వచ్చాడు. నా అనుభవంలో దీని బలం ఏమిటంటే, పొద్దున్నే మనసుతో వాదన పెట్టుకునే పని ఉండదు. వాదన పెట్టుకుంటే ఎప్పుడూ మనసే గెలుస్తుంది, దాని దగ్గర కారణాలు ఎక్కువ.

నాతోపాటు ఒక ఇన్సూరెన్స్ ఏజెంటు బాబుగారు వచ్చేవారు, కాశీనగరం, గుమ్మా వైపు ఊళ్లు తిరగాలి ఆయన. మోటార్ సైకిల్ మీద లోయ పక్కన జారి, కొండ రోడ్డంటేనే పక్కకి తప్పుకుని టౌనులోనే పాలసీలు వెతుక్కుంటున్నారు, ఆదాయం పడిపోయింది. ఆడవాళ్ల మధ్య నేర్చుకోవడానికి మొదట మొహమాటపడ్డారు. అప్ప ఆయన్ని ఏమీ అనకుండా, ఘాటీ మొదట్లో టీ కొట్టు దాకా వెళ్లి టీ తాగి వెనక్కి రమ్మని, తర్వాత మొదటి మలుపు దాకా, అలా పంపేది. ఒడియా అమ్మాయిలు కూడా వస్తారు, వాళ్లతో ఒడియాలో, మాతో మన సికాకోళం మాటలో, ఏ భాషలోనైనా గొంతు ఎప్పుడూ పెంచదు.

ఇంకొకామెని మాత్రం చేర్చుకోలేదు. ఆమెకి నిద్ర పట్టదు, లారీ లైట్లు కలలోకి వస్తాయి, రోడ్డు పేరు ఎత్తితే వణుకు. "ఇది నా సేతి పని కాదమ్మా, ముందు డాక్టరుకి సూపించు, బండి ఎక్కడికీ పోదు" అని కూర్చోబెట్టి 14416కి ఫోన్ చేయించింది. అది మనసుకి సంబంధించిన ఇబ్బందుల కోసం ప్రభుత్వం వాళ్లు పెట్టిన టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనూ మాట్లాడొచ్చు. యాక్సిడెంటు అయి నెల దాటినా ఇలాంటి లక్షణాలు తగ్గకపోతే మైదానంలో మెట్లెక్కే పని కాదు, మానసిక వైద్యులే చూడాలి. తనకి రాని పని రాదని చెప్పే మనిషి మీద నాకు నమ్మకం ఎక్కువ.

ఇంక అర మార్కు ఎందుకు తగ్గించానంటే. మైదానంలో బాత్రూం లేదు, ఆడవాళ్లకి అది చిన్న విషయం కాదు, దగ్గరలో ఎవరింట్లోనైనా ఏర్పాటు చెయ్యమని అప్పకి చెప్పాను, ఇంకా చెయ్యలేదు. బండి ఒక్కటే, సొంతది లేనివాళ్లు వంతు కోసం నిలబడాలి, నీడ కూడా లేదు. అక్కడున్న హెల్మెట్లు పాతవి, నా తలకి వదులు. మీది మీరు తెచ్చుకోండి, ఐఎస్ఐ గుర్తు చూసి, ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ అయితే పైకి బాగున్నా మార్చెయ్యండి. లైసెన్స్ పనులు ఆవిడ చూడదు. నాలాగా ఏళ్ల తరబడి బండి తియ్యనివాళ్లు లైసెన్స్ తారీఖు ఒకసారి చూసుకోవాలి, గడువు దాటి సంవత్సరం లోపైతే టెస్టు లేకుండానే రెన్యువల్ అవుతుంది, దాటితే మళ్లీ టెస్టు ఇవ్వాలి. క్రికెట్ ఆడే కుర్రాళ్లు కాసేపు చూస్తారు, తర్వాత వాళ్ల ఆటలో వాళ్లు పడిపోతారు.

ఫీజు 2,000 రూపాయలు, సొంత బండి ఉంటే 1,500. సగం చేరినప్పుడు, మిగతా సగం మీరు వెళ్లాలనుకున్న చోటికి మీ అంతట మీరు వెళ్లొచ్చిన రోజు. అంతవరకు అడగదు. నేను మిగతా డబ్బు స్కూలు గేటు దగ్గర నిలబడే ఫోన్ పే చేశాను. ఇప్పుడు రోజూ బండి మీదే వెళ్తున్నాను. ఆ మలుపు దగ్గర అంకె సున్నాకి ఏం రాలేదు, రెండో మూడో ఉంటుంది, వాన పడితే నాలుగు. సున్నా అయ్యాక ఎక్కుదాం అనుకుని ఉంటే ఇప్పటికీ ఆటో కోసమే నిలబడి ఉండేదాన్ని.

ఎవరు వెళ్లాలంటే, పని వచ్చి కూడా చెయ్యలేకపోతున్నవాళ్లు వెళ్లాలి. అసలు బ్యాలెన్సే రానివాళ్లు మామూలు స్కూల్లో ముందు నేర్చుకోండి, అక్కడ తొందరగా అవుతుంది. ఇంట్లోవాళ్లని ఒకసారి వెంట తీసుకెళ్లండి, మా ఆయన వచ్చి చూసిన తర్వాతే "దింపేస్తాలే" అనడం మానేశారు. వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, ఫుల్ చేతుల జాకెట్టు లేదా డ్రెస్సు, చెప్పులు కాకుండా బూట్లు ఉండాలి. నేర్పేటప్పుడు ఆవిడ ఫోన్ ఎత్తదు, పొద్దున తొమ్మిది దాటాక చెయ్యండి.